చౌక ఏఆర్-15 కొనవచ్చా? ఎక్కడ పొదుపు చేయాలి, ఎక్కడ చేయకూడదు

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. పోయిన ఏడాది నాకూ నా భార్యకూ గ్రీన్ కార్డు వచ్చింది. తొమ్మిదేళ్ల బాబు ఉన్నాడు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఎం.ఎస్. చదువుతున్న మా తమ్ముడు కూడా మాతోనే ఉంటాడు. ఆఫీసు స్నేహితులతో కలిసి కొన్నిసార్లు షూటింగ్ రేంజ్‌కి వెళ్లాను, బాగా నచ్చింది. సైన్యం వాడే ఎం4 లాగా ఉండే ఏఆర్-15 రైఫిల్ ఒకటి కొనాలని ఉంది. 480 డాలర్లకే క్లోన్ (అదే డిజైన్‌తో వేరే కంపెనీ చేసినది) దొరుకుతోంది. అదీ 1,300 డాలర్లదీ ఒకటే, పేరుకే డబ్బులంటాడు ఒక స్నేహితుడు. అంత చౌకది చేతిలోనే పేలుతుందని భయపెడతాడు ఇంకొకడు. ఎవరి మాట వినాలి? ఇంటి రక్షణకు కూడా పనికొస్తుందా?

సమాధానం: మీ స్నేహితులిద్దరూ చెప్పింది సగమే నిజం. ఆ సంగతికి వస్తాం. అంతకంటే ముందు తేల్చుకోవలసింది రైఫిల్ ధర కాదు, మీ తమ్ముడి వీసా.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4, ఎల్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. సొంతంగా కొనడమే కాదు, రేంజ్‌లో అద్దెకు తీసుకుని పది రౌండ్లు కాల్చినా అది "దగ్గర ఉంచుకోవడం" కిందికే వస్తుంది. మనవాళ్లు చాలామంది సరదాగా వీకెండ్‌కి వెళ్లి కాల్చి, ఫోటోలు కూడా పెట్టేస్తుంటారు. కౌంటర్‌లో డ్రైవింగ్ లైసెన్సు చూసి తుపాకీ ఇచ్చారంటే చట్టం ఒప్పుకున్నట్టు కాదు. దీనికి ఎక్కువగా వాడే మినహాయింపు, అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు. అది తుపాకీ పట్టుకున్న ఆ క్షణానికి చెల్లుబాటులో ఉండాలి. టెక్సస్‌లో ఏడాది లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరు 1న మళ్లీ తీసుకోకపోతే మినహాయింపు కూడా పోయినట్టే. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు టెక్సస్‌లో వేటకు వెళ్లాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా పూర్తిచేయాలి.

మీరు కొనడానికి మాత్రం అడ్డు లేదు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది. కానీ తమ్ముడు అదే ఇంట్లో ఉంటున్నాడు కాబట్టి రైఫిల్, మేగజైన్లు (తూటాలు నింపి రైఫిల్‌కి తగిలించే పెట్టెలు), తూటాలు అన్నీ అతనికి అందని చోట ఉండాలి. తాళం కాంబినేషన్ అతనికి తెలియకూడదు, తాళంచెవి అతని కంట పడకూడదు. తెలిస్తే అది అతని అధీనంలో కూడా ఉన్నట్టేనని వాదించవచ్చు. తుపాకీ చట్టం కింద శిక్ష పడితే జరిమానాతో, జైలుతో ఆగదు. దేశం నుంచి పంపించేయడానికి అదే ఒక కారణం అవుతుంది. చదువు, ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి), రేపటి హెచ్-1బి అన్నీ దానితో పోతాయి. కొనేముందు ఒక ఇమిగ్రేషన్ లాయర్‌తో అరగంట మాట్లాడి ఈ ఒక్క విషయం అడగండి. అందుకయ్యే ఫీజును రైఫిల్ ఖర్చులోనే కలుపుకోండి.

ఇంకొకటి. "నీకు గ్రీన్ కార్డు ఉందిగా, నాకూ ఒకటి కొనిపెట్టు, డబ్బులు ఇచ్చేస్తా" అని హెచ్-1బి స్నేహితుడెవరైనా అడిగితే ఒప్పుకోవద్దు. దాన్ని స్ట్రా పర్చేజ్ అంటారు. 2022లో వచ్చిన చట్టం దీనికి 15 ఏళ్ల దాకా జైలు పెట్టింది. కొనేటప్పుడు నింపే ఫారం 4473లో మొదటి ప్రశ్నల్లోనే "అసలు కొనుగోలుదారు నువ్వేనా?" అని అడుగుతారు.

ఆ ఫారం గురించి కూడా కొంచెం. డ్రైవింగ్ లైసెన్సు మీద ప్రస్తుత చిరునామా ఉండాలి. ఇల్లు మారి కార్డు మార్చుకోనివాళ్లు ఇక్కడే ఆగిపోతారు. గ్రీన్ కార్డు దగ్గర పెట్టుకోండి, అందులోని ఏ-నంబరు రాయాలి. ఆ తర్వాత ఎఫ్‌బీఐ వాళ్ల నిక్స్ తనిఖీ, అంటే తుపాకీ కొనకూడనివాళ్ల రికార్డుల్లో మీ పేరు ఉందేమో చూడటం, ఉంటుంది. మన పేర్లలో రెడ్డి, రావు, కుమార్ ఎంతమందికి ఉంటాయో మీకు తెలుసు. దానికి తోడు ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఇంకో కార్డులో వెనక ఉంటుంది. అందుకే "డిలేడ్" (జవాబు ఆలస్యం) అని రావచ్చు, కంగారు పడనక్కరలేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు రాయడం ఐచ్ఛికం, కానీ రాస్తే అదే పేరున్న ఇంకొకరితో పొరపాటు పడే అవకాశం తగ్గుతుంది. ప్రతిసారీ ఇలాగే ఆగుతుంటే ఎఫ్‌బీఐకి వాలంటరీ అప్పీల్ ఫైల్ పెట్టుకోండి. వాళ్లిచ్చే ప్రత్యేక సంఖ్యను తర్వాతి కొనుగోళ్లలో ఫారం మీద రాయొచ్చు.

ఇక రైఫిల్ దగ్గరికి వద్దాం.

ఏఆర్ అంటే ఆర్మలైట్ రైఫిల్. 1950ల చివర్లో ఆర్మలైట్ కంపెనీలో యూజీన్ స్టోనర్ బృందం తయారుచేసిన డిజైన్ ఇది. 1959లో కోల్ట్ ఆ హక్కులు కొన్నది. సైన్యానికి అది ఎం16 అయింది. పౌరులకు ఒక్కో నొక్కుకు ఒక్కో తూటా మాత్రమే పేల్చే రూపంలో 1960ల మధ్య నుంచి అమ్ముతున్నారు. ప్రధాన పేటెంట్ గడువు 1977లో తీరిపోయింది. అప్పటి నుంచి ఎవరైనా తయారుచేయవచ్చు, చేస్తున్నారు కూడా. కాబట్టి "క్లోన్" అన్నంత మాత్రాన దొంగ సరుకు అనుకోకండి. అల్యూమినియం బాడీలకు కావలసిన ముడి ఫోర్జింగులు (అచ్చులో ఒత్తి ఆకారం తెచ్చిన ముక్కలు) కొద్ది కంపెనీల నుంచే వస్తాయి. ఒకే చోట పుట్టిన ముక్క మీద ఒకరి గుర్తు పడితే 480 అవుతుంది, ఇంకొకరి గుర్తు పడితే 1,300 అవుతుంది. మీ మొదటి స్నేహితుడు చెప్పినదాంట్లో నిజం ఇంతవరకే.

అలాగే ఎంత ఖరీదైనది కొన్నా మీ చేతికి వచ్చేది ఎం4 కాదు. సైన్యపు ఎం4కి 14.5 అంగుళాల బ్యారెల్ (తూటా బయటికి వెళ్లే గొట్టం) ఉంటుంది, వరుసగా పేల్చే ఏర్పాటు ఉంటుంది. మీరు కొనేదానికి కనీసం 16 అంగుళాల బ్యారెల్ ఉండాలి. అంతకంటే పొట్టి బ్యారెల్ ఉన్న రైఫిల్‌ను 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కింద ముందే రిజిస్టరు చేయించాలి. చేయించకపోతే పదేళ్ల దాకా జైలు. "అప్పర్" అనే పై భాగం మీద సీరియల్ నంబరు ఉండదు, అది మామూలు పార్సిల్‌లా ఇంటికే వచ్చేస్తుంది. చూడ్డానికి బాగుందని 10.5 అంగుళాల అప్పర్ తెప్పించి రైఫిల్ కింది భాగానికి (లోయర్) తగిలించేవాళ్లు తెలియకుండానే నేరంలో పడతారు. విదేశీ వెబ్‌సైట్లలో ఇరవై డాలర్లకు దొరికే చిత్రమైన విడిభాగాల జోలికి కూడా పోకండి. కొన్ని ముక్కలు విడిగా జేబులో ఉన్నా చట్టం దృష్టిలో మెషిన్ గన్నే.

ధరలో తేడా ఎక్కడ దాగుంటుందో ఇప్పుడు చూడండి. రైఫిల్ చూడగానే కంటికి కనిపించేవి భుజానికి ఆనించే స్టాక్, పిడి, ముందు పట్టుకునే హ్యాండ్‌గార్డ్, రంగు. వీటిలో చౌక అయినా నష్టం లేదు. పై భాగం, కింది భాగం కలిసే చోట కొద్దిగా కదలాడుతుంటే చాలామంది పెదవి విరుస్తారు. దానివల్ల గురి చెడదు, పనీ ఆగదు. ట్రిగ్గర్ కొంచెం గరుకుగా, బరువుగా ఉంటుంది. మామూలు మిల్-స్పెక్ (సైన్యపు ప్రమాణానికి చేసిన) ట్రిగ్గర్ ఎలాగూ అంతే. అసలు చూడవలసినవి నాలుగు: బోల్ట్ (పేలేటప్పుడు తూటాను వెనక నుంచి మూసి పట్టే ఉక్కు ముక్క), గ్యాస్ కీ, బ్యారెల్, బ్యారెల్ మీద గ్యాస్ బ్లాక్ కూర్చున్న తీరు.

తూటా పేలినప్పుడు ఆ ఒత్తిడి అంతా మోసేది బోల్ట్ తలకాయ. సైన్యపు ప్రమాణంలో దానికి కార్పెంటర్ 158 అనే ఉక్కు వాడతారు. 9310 ఉక్కును సరిగ్గా హీట్ ట్రీట్‌మెంట్ చేస్తే అదీ మంచిదే. ప్రమాణం ప్రకారం ఒక్కో బోల్ట్‌నూ అధిక ఒత్తిడి తూటాతో పేల్చి చూసి, తర్వాత అయస్కాంత పరీక్షలో కంటికి కనబడని పగుళ్లు ఉన్నాయేమో వెతుకుతారు. అలా దాటినదాని మీద "ఎంపీ" లేదా "ఎంపీఐ" అని గుర్తు ఉంటుంది. చౌక రకాల్లో వందకో రెండొందలకో ఒకటి తీసి పరీక్షించడం, అసలు పరీక్షించకపోవడం రెండూ ఉన్నాయి. ఉక్కు ఏదో, ప్రతి బోల్ట్‌నూ పరీక్షించారో లేదో కంపెనీ తన పేజీలో రాయకపోతే, చెప్పుకోదగ్గది లేదు కాబట్టే రాయలేదనుకోండి.

గ్యాస్ కీ అంటే బోల్ట్ క్యారియర్ (బోల్ట్‌ను ముందుకీ వెనక్కీ నడిపే ముక్క) నెత్తిన రెండు స్క్రూలతో బిగించిన చిన్న గొట్టం. తూటా పేలినప్పుడు పుట్టి, బ్యారెల్ నుంచి వెనక్కి మళ్లిన గ్యాస్ దీని గుండానే లోపలికి వెళ్లి క్యారియర్‌ను వెనక్కి నెడుతుంది. ఆ రెండు స్క్రూలు వదులు కాకుండా పక్కనున్న లోహాన్ని ఉలితో కొట్టినట్టు స్క్రూ తలల మీదికి ఒత్తుతారు, దాన్నే స్టేకింగ్ అంటారు. ఒక్కో స్క్రూకి రెండు వైపులా లోహం లోతుగా ఒరిగి తలను పట్టుకుని ఉండాలి. చౌక రైఫిళ్లలో ఇక్కడ గోటితో గీసినంత గుర్తు మాత్రమే కనిపిస్తుంటుంది. కొన్ని వందల రౌండ్ల వేడికి స్క్రూలు వదులవుతాయి, గ్యాస్ పక్కకు పోతుంది, క్యారియర్ సగం దూరమే వెళ్లి తిరిగొస్తుంది. ఖాళీ షెల్ బయటికి పడదు, లేదా పడినా కొత్త తూటా ఎక్కదు. "చౌక ఏఆర్ నమ్మకంగా పనిచేయదు" అని మీరు వినే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదీ, గ్యాస్ బ్లాకూ.

గ్యాస్ బ్లాక్ అంటే బ్యారెల్ లోంచి గ్యాస్‌ను వెనక్కి మళ్లించే ముక్క, అది బ్యారెల్ మీది గ్యాస్ రంధ్రం మీద సరిగ్గా కూర్చోవాలి. పాత పద్ధతి త్రికోణపు ముందు సైట్‌ను (గురి చూసే ముక్కను) బ్యారెల్‌లోకి రెండు అడ్డ పిన్నులు దిగగొట్టి బిగిస్తారు, అది కదలదు. హ్యాండ్‌గార్డ్ కింద దాక్కునే చిన్న బ్లాక్‌ను అడుగున రెండు స్క్రూలతో బిగిస్తారు. ఆ స్క్రూల కోసం బ్యారెల్ మీద చిన్న గుంట తవ్వి ఉంటే ఫర్వాలేదు. నున్నటి బ్యారెల్ మీద ఊరికే బిగిస్తే వేడెక్కి చల్లారే కొద్దీ జరుగుతుంది. కొంతమంది తయారీదారులు ఎలాంటి బలహీనమైన తూటా అయినా పనిచేయాలని గ్యాస్ రంధ్రాన్ని పెద్దది చేసేస్తారు. అప్పుడు భుజానికి దెబ్బ గట్టిగా తగులుతుంది, భాగాలు త్వరగా అరుగుతాయి. కాల్చేటప్పుడు షెల్స్ ఏ దిక్కుకు పడుతున్నాయో గమనించండి. బ్యారెల్ మొన పన్నెండు అనుకుంటే, గడియారం లెక్కన మూడు, నాలుగున్నర మధ్య పడితే బాగుంది. ఒకటి, రెండు వైపు ముందుకి ఎగిరిపోతుంటే గ్యాస్ ఎక్కువ. స్టాక్ గొట్టంలో క్యారియర్ దెబ్బను తీసుకునే బఫర్ అనే బరువు ఉంటుంది, మామూలు 3 ఔన్సులది తీసి 3.8 ఔన్సుల "హెచ్" బఫర్ వేస్తే చాలావరకు సర్దుకుంటుంది, పెద్ద ఖర్చు కాదు. 16 అంగుళాల బ్యారెల్‌కి కార్బైన్ పొడవు (పొట్టి గ్యాస్ గొట్టం) కంటే మిడ్-లెంగ్త్ (కొంచెం పొడవైన గొట్టం) గ్యాస్ ఏర్పాటు మెత్తగా నడుస్తుంది. రెండూ ఒకే ధరకు దొరికితే మిడ్-లెంగ్త్ తీసుకోండి.

బ్యారెల్ మీద చెక్కిన అక్షరాలు చదవండి. "5.56 నాటో" అని గానీ ".223 వైల్డ్" అని గానీ ఉంటే రెండు రకాల తూటాలూ కాల్చవచ్చు. ".223 రెమింగ్టన్" అని మాత్రమే ఉంటే 5.56 తూటాలు అందులో కాల్చకూడదు, ఒత్తిడి హద్దు దాటుతుంది. పక్కన 1:7, 1:8, 1:9 అని ఉండేది బ్యారెల్ లోపలి మెలిక. 1:9 అంటే తొమ్మిది అంగుళాలకు ఒక చుట్టు. రేంజ్‌లో ఎక్కువమంది కాల్చే 55 గ్రెయిన్ (తూటా బరువు కొలత) తూటాకు ఏదైనా సరిపోతుంది. 77 గ్రెయిన్ లాంటి బరువైనవి కాల్చాలంటే 1:8 లేదా 1:7 కావాలి. లోపలి పూత క్రోమ్ అయినా నైట్రైడ్ అయినా మంచిదే. ఏ పూతా లేని మామూలు (స్టెయిన్‌లెస్ కాని) ఉక్కు బ్యారెల్ అయితేనే వదిలేయండి.

చేతిలో పేలడం సంగతి. ధర తక్కువ కాబట్టి పేలినది చాలా అరుదు. పేలేది ఎక్కువగా తూటా తప్పు వల్ల. .300 బ్లాకౌట్ అనే తూటా ఇదే మేగజైన్‌లో చక్కగా పడుతుంది, ఒక్కోసారి 5.56 ఛాంబరులోకి (తూటా కూర్చుని పేలే గది) కూడా వెళ్లిపోతుంది. ట్రిగ్గర్ నొక్కితే రైఫిల్ ముక్కలవుతుంది, ఎంత ఖరీదైనదైనా సరే. పక్క లేన్ స్నేహితుడి దగ్గర బ్లాకౌట్ రైఫిల్ ఉంటే మేగజైన్లు ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. రెండోది, ధనామని మోగకుండా "టప్" మని మాత్రమే వినిపిస్తే వెంటనే ఆగండి. తూటా బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉండవచ్చు, వెనకాలే ఇంకొకటి పేల్చితే బ్యారెల్ చీలుతుంది. గన్ షోలో సంచిలో పోసి అమ్మే రీలోడ్ (ఖాళీ షెల్‌లో మళ్లీ మందు నింపిన) తూటాలు ఎంత చౌకైనా కొనకండి.

దుకాణంలో కౌంటర్ దగ్గర ఐదు నిమిషాల పని ఉంది, మొహమాటపడకండి. మేగజైన్ లేదని, ఛాంబరు ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి తెలుసుకోండి. వెనక పిన్ను నెట్టి రైఫిల్ తెరిపించి బోల్ట్ క్యారియర్ బయటికి తీయించండి. గ్యాస్ కీ స్టేకింగ్ చూడండి. బోల్ట్‌ను ముందుకి లాగి, క్యారియర్‌ను ఆ బోల్ట్ తల మీద నిలబెట్టండి. తన బరువుకే కిందికి జారిపోతే లోపలి గ్యాస్ రింగులు వదులుగా ఉన్నట్టు. స్టాక్ గొట్టం మొదట్లో కోట బురుజుల్లాంటి అంచున్న నట్టు ఉంటుంది, దానికి కూడా కనీసం ఒకచోట లోతైన స్టేకింగ్ ఉండాలి. లేకపోతే గొట్టం మెల్లగా తిరిగి, బఫర్‌ను ఆపే చిన్న పిన్ను ఊడి ట్రిగ్గర్‌లో పడుతుంది. వెనక నుంచి బ్యారెల్ వెంట చూస్తే ముందు సైట్ నిటారుగా ఉండాలి. వంకర ఉంటే వెనక సైట్ ఎంత తిప్పినా సరిపోదు.

చివరగా అనుమతి అడిగి, ఖాళీ రైఫిల్‌తో పనితీరు చూడండి. సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) వేసి ట్రిగ్గర్ నొక్కితే సుత్తి పడకూడదు. సేఫ్టీ తీసి నొక్కితే పడాలి. ట్రిగ్గర్ వదలకుండా నొక్కిపట్టి ఛార్జింగ్ హ్యాండిల్ (క్యారియర్‌ను వెనక్కి లాగే పిడి) లాగి వదలండి, అప్పుడు సుత్తి లోపలే ఆగి ఉండాలి. మెల్లగా ట్రిగ్గర్ వదిలితే "టిక్" మని వినిపించాలి. మళ్లీ నొక్కితే పడాలి. ఇందులో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఆ రైఫిల్ అక్కడే వదిలేయండి. ఇంటికి తెచ్చాక బయటపడితే సొంతంగా ఆకురాయి పెట్టి అరగదీయొద్దు, కంపెనీకి వెనక్కి పంపండి.

ఇప్పుడు ధర మాట. కింది వరసలో 450 నుంచి 550 డాలర్ల మధ్య పామెట్టో స్టేట్ ఆర్మరీ లాంటి వాళ్ల సరుకు ఉంటుంది, అమ్మకాల సీజన్‌ను బట్టి ఇంకా తగ్గుతుంది. దాని పైన రుగర్ ఏఆర్-556, స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ15 స్పోర్ట్ వరస, సుమారు 650 నుంచి 800 దాకా. కోల్ట్, బీసీఎం లాంటివి వెయ్యి పైన. మొదటి రైఫిల్ కొంటున్న మీకు మా మాట ఇది: మధ్య వరసలో పూర్తిగా బిగించి వచ్చే రైఫిల్ కొనండి. విడిభాగాలు తెచ్చి బిగించుకుంటే వంద డాలర్లు మిగలవచ్చు, కానీ ఏదైనా తేడా వస్తే అప్పర్ కంపెనీ లోయర్ మీదికి, లోయర్ కంపెనీ అప్పర్ మీదికి నెడతాయి. పూర్తి రైఫిల్‌కి జవాబుదారీ ఒక్కరే. 480ది కొని నచ్చక మంచి బోల్ట్ క్యారియర్ వేస్తే 100, 150 డాలర్లు అక్కడే పోతాయి, అంటే దాదాపు మధ్య వరస ధరకే వచ్చేశారు. అయినా 480దే మనసులో ఉంటే, పైన చెప్పిన తనిఖీలన్నీ దాటి, వారంటీ రాతలో ఉంటే కొనండి, ఏమీ తప్పు లేదు. రేంజ్‌లో నెలకోసారి కాల్చే మనిషికి 1,300 డాలర్ల రైఫిల్ అవసరం లేదు. ఆ తేడా డబ్బు తూటాలకు, ఒక రోజు శిక్షణ క్లాసుకు పెట్టండి. 100 గజాల దూరంలో చౌక రైఫిల్ తూటాలన్నిటినీ రెండు మూడు అంగుళాల వెడల్పులోనే గుంపుగా వేస్తుంది. కొత్తవాళ్ల చేయి అంతకంటే ఎక్కువే ఊగుతుంది.

అసలు ఖర్చు తూటాలది. 5.56 రౌండ్ ఒక్కటి సుమారు 45 నుంచి 60 సెంట్లు. వెయ్యి రౌండ్లంటే మీ 480 డాలర్ల రైఫిల్ ధర. నెలకు రెండొందలు కాల్చితే ఐదు నెలల్లో ఇంకో రైఫిల్ కొన్నట్టే. అందుకే ఇంకో దారి కూడా ఆలోచించండి. చూడ్డానికి అచ్చం అలాగే ఉండి .22 తూటా కాల్చే ఎం అండ్ పీ15-22 లాంటి రైఫిళ్లు ఉన్నాయి. సేఫ్టీ, మేగజైన్ బటన్ అన్నీ అదే చోట ఉంటాయి. తూటా సుమారు పది సెంట్ల లోపే. దెబ్బ దాదాపు ఉండదు, చప్పుడు తక్కువ. రేంజ్ సరదా కోసమే అయితే మొదటి ఏడాదికి ఇదే మెరుగని మా అభిప్రాయం. చేయి కుదిరాక 5.56కి వెళ్లవచ్చు.

5.56 కొంటే మొదటి రోజు ఇలా చేయండి. పెట్టెలోంచి తీసిన రైఫిల్ మీద ఉండేది తుప్పు పట్టకుండా పూసిన నూనె. దాన్ని తుడిచి, బ్యారెల్‌లో పొడి గుడ్డ రెండుసార్లు లాగి, క్యారియర్ అడుగు పట్టాల మీద, బోల్ట్‌ను తిప్పే క్యామ్ పిన్ను మీద, బోల్ట్ రింగుల మీద తుపాకీ నూనె ధారాళంగా వేయండి. కొత్త ఏఆర్ పొడిగా ఉంటేనే మొరాయిస్తుంది. మేగజైన్లు మూడు కొని మార్కర్‌తో 1, 2, 3 రాయండి. మొదటి రౌండ్లు ఒకటొకటిగా కాల్చండి. మేగజైన్‌లో ఒకే తూటా పెట్టి కాల్చాక బోల్ట్ వెనకే ఆగిపోవాలి. అలా ఐదుసార్లు ఆగితే గ్యాస్ సరిపడా అందుతున్నట్టు. ఆగకపోతే మేగజైన్ మార్చి చూడండి. సమస్య 2వ నంబరు మేగజైన్‌తో మాత్రమే వస్తే దాన్ని పారేయండి, రైఫిల్‌ది తప్పు కాదు. అన్నిటితో వస్తే తూటాల కంపెనీ మార్చండి. అప్పటికీ అంతే అయితే గ్యాస్ కీ స్క్రూలు, గ్యాస్ బ్లాక్ చూపించండి. ఖాళీ షెల్ ఛాంబరులోనే ఇరుక్కుంటుంటే అనుమానం ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ షెల్‌ను బయటికి లాగే కొక్కెం) స్ప్రింగు మీద, లేదా ఛాంబరు గరుకు మీద. మొదటి రెండు మూడొందల రౌండ్లు ఇత్తడి షెల్ ఉన్నవే వాడండి. ఇండోర్ రేంజ్‌కి వెళ్తే ఆకుపచ్చ మొనతో, లోపల ఉక్కు ముక్క ఉన్న తూటాలు చాలాచోట్ల ఒప్పుకోరు, అయస్కాంతం పెట్టి చూస్తారు.

గురి 50 గజాల దగ్గర సరిచేసుకోండి. ఆ సర్దుబాటుతో సుమారు 200 గజాల దగ్గర కూడా తూటా గురి గీతకు దగ్గరలోనే పడుతుంది. సైట్ బ్యారెల్ కంటే రెండున్నర అంగుళాలు పైన ఉంటుంది కాబట్టి ఐదు, పది గజాల దగ్గర రెండు అంగుళాలు కిందికి పడుతుంది. అది తప్పు కాదు, తిప్పుతూ కూర్చోకండి.

కళ్లద్దాల మీద జడ్87.1 (కంటి రక్షణ ప్రమాణం) గుర్తు ఉండాలి. ఇండోర్‌లో చెవిలో ప్లగ్గులు, వాటి మీద మఫ్‌లు రెండూ పెట్టుకోండి. ఈ రైఫిల్ చప్పుడు 160 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, చెవికి ఒక్క దెబ్బకే హాని మొదలయ్యే హద్దు 140. కాల్చినప్పుడు తూటాల నుంచి వచ్చే సీసం పొడి చేతులకూ బట్టలకూ అంటుకుంటుంది, బాబు ఉన్న ఇల్లు కాబట్టి దాని సంగతి చాలా ముఖ్యం. రేంజ్ నుంచి రాగానే చల్లని నీళ్లు, సబ్బుతో చేతులూ ముఖమూ కడుక్కోండి. బూట్లు గడప బయటే ఎలాగూ వదులుతాం, రేంజ్ బట్టలు కూడా పిల్లవాడి బట్టలతో కలపకుండా విడిగా ఉతకండి. బాబును ఎత్తుకోవడం స్నానం తర్వాతే.

భద్రపరచడానికి గోడలోని చెక్క స్తంభానికి బోల్టులతో బిగించిన ఉక్కు క్యాబినెట్ కావాలి, 150 డాలర్ల నుంచి దొరుకుతుంది. తూటాలు వేరే తాళంలో. టెక్సస్‌లో పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీ పెద్దవాళ్ల నిర్లక్ష్యం వల్ల 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి అందితే అది నేరం. అల్మారా పై అరలో దాచడం దాచినట్టు కాదు. తొమ్మిదేళ్ల పిల్లవాడు కుర్చీ వేసుకోగలడు.

ఇంటి రక్షణకోసమే అయితే కొనవద్దనే చెబుతాం. ఫ్రిస్కోలో ఇళ్ల లోపలి గోడలు జిప్సం బోర్డువి. తప్పిపోయిన తూటా రెండు మూడు గోడలు దాటి బాబు గదిలోకో పక్కింట్లోకో వెళ్లగలదు. పిల్లవాడు, వీసా మీదున్న తమ్ముడు ఉన్న ఇంట్లో రైఫిల్ తాళంలోనే ఉండాలి. తాళంలో ఉన్నది అర్ధరాత్రి అక్కరకు రాదు, అక్కరకు వచ్చేలా పెడితే చట్టం తప్పే ప్రమాదం ఉంటుంది. మంచి తలుపు, గట్టి గొళ్లెం ప్లేటుకి మూడంగుళాల స్క్రూలు, కెమెరా, అలారం ముందు చూసుకోండి.

రేపు ఉద్యోగం మారితే ఏమిటన్నది కూడా ఇప్పుడే ఆలోచించాలి. టెక్సస్‌లో మామూలుగా అమ్మే ఈ రైఫిల్‌ను న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా, ఇల్లినాయ్, మసాచుసెట్స్, కనెక్టికట్, మేరీలాండ్, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాలు నిషేధించాయి లేదా గట్టిగా కట్టడి చేశాయి. ఎడిసన్‌లో ప్రాజెక్టు వచ్చిందని సామాన్ల లారీలో పెట్టి తీసుకెళ్తే న్యూజెర్సీలో అది రెండో స్థాయి నేరం కావచ్చు, పది రౌండ్లకు మించిన మేగజైన్ కూడా అక్కడ నిషిద్ధమే. అలాంటి అవకాశం ఉంటే బయలుదేరే ముందే లైసెన్సున్న డీలర్‌కి అమ్మేయండి. కొన్నప్పటి బిల్లు, సీరియల్ నంబరు ఫోటో మీ దగ్గర ఉంటే అమ్మకం సులువు.

రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగును ఇంక దేనికీ వాడకండి. ముఖ్యంగా హైదరాబాద్ ప్రయాణానికి. బ్యాగు మూలలో మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనబడితే ఆయుధ చట్టం కింద కేసు పెట్టగలరు, పాస్‌పోర్టు చిక్కులు, కోర్టు వాయిదాలు మొదలవుతాయి. ప్రయాణానికి ముందు సూట్‌కేసుల జేబులు, జాకెట్ జేబులు, లైనింగు చిరిగిన చోట్లు అన్నీ తిరగేసి దులిపి చూడండి.